క్రూజ్‌ల డ్రింక్ ప్యాకేజీ ఇంటిల్లిపాదికి తీసుకోవాల్నా, వద్దా?

అన్నా, మీ ప్రశ్న ఒకసారి నా మాటల్ల చెప్త, చదివేటోళ్లకు కూడ అర్థం కావాలె కదా. మీ అల్లుడు డల్లాస్‌ల ఉంటడు, టెక్సాస్‌ల ఉండే గాల్వెస్టన్ పోర్టు నుంచి 7 రాత్రుల క్రూజ్ చూస్తున్నడు, కంపెనీ రాయల్ కరీబియనా కార్నివాలా ఇంకా తేలలే. రెండు క్యాబిన్లు, ఒకదాంట్ల మీరు వదిన, ఇంకోదాంట్ల బిడ్డ అల్లుడు ఇద్దరు పిల్లలు. వెబ్‌సైట్‌ల డ్రింక్ ప్యాకేజీ (ముందే పైసలు కట్టి షిప్పుల విడిగ బిల్లు లేకుండ డ్రింకులు తీసుకునేది) మనిషికి రోజుకు 75 డాలర్లు అని చూపిస్తుంది. మీకు సాయంత్రం రెండు మూడు పెగ్గులు, అల్లునికి బీరు, ఆడోళ్లు ముట్టరు. ప్యాకేజీ కొనాల్నా, కొంటే అందరికీ కొనాల్నా అని అడిగిండ్రు.

నా జవాబు ముందే చెప్తున్న, మీ ఇంటికి వద్దు. ఎందుకు వద్దో లెక్కతోని చెప్త, ఎందుకంటే రేపు అల్లుడు "మామా, అన్‌లిమిటెడ్ కదా" అంటే మీ దగ్గర జవాబు ఉండాలె. నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివి అమెరికా నుంచి నడిచే షిప్పుల్ల బార్‌ల కొన్నేండ్లు చేసి హనుమకొండకు తిరిగొచ్చినోన్ని, ఈ ప్యాకేజీలు ఎక్కినోళ్లకు ఎక్కినట్టు అమ్మిన చేతులే ఇవి, అందుకే ఏది లాభం ఏది కాదో కొద్దిగ తెలుసు.

మొదలు ఆ 75 డాలర్లు 75 కాదు. దాని మీద టిప్ పడుతది, రాయల్‌ల 18 శాతం, మిగతా కంపెనీల్ల 18 నుంచి 20 దాకా. అంటే రోజుకు 88 డాలర్ల 50 సెంట్లు. దాన్ని 7 రాత్రులకు కడితే మనిషికి 620 డాలర్లు, ఇద్దరికి 1,240. మన పైసల్ల లక్ష దాటుతది. ఒక్కరోజుకు, రెండ్రోజులకు కొనుడు ఉండదు, కొంటే ట్రిప్ మొత్తానికి కొనాలె. ఆర్టీసీ పాస్ తీసుకున్నట్టే, బస్సు ఎక్కినా ఎక్కకపోయినా పైసలు పోయినట్టే.

ఇంకో సంగతి, ఆ 75 అనేది ఫిక్స్‌డ్ రేటు కాదు. రాయల్‌ల షిప్పును బట్టి, సీజన్‌ను బట్టి, ఇంకెన్ని రోజులున్నయో దాన్ని బట్టి మారుతనే ఉంటది, ఒక షిప్పుకు 60 చూపిస్తే ఇంకో కొత్త షిప్పుకు 100 కూడ చూపిస్తది. పైన "40 శాతం డిస్కౌంట్" అని ఎర్రగ రాసి ఉంటది గని అది ఎవ్వరూ కట్టని రేటు మీద డిస్కౌంట్, దాన్ని చూసి ఆగమాగం కాకుండ్రి. ఎవరన్న కొనాలనుకుంటే షిప్పు ఎక్కక ముందే ఆన్‌లైన్‌ల కొనాలె, ఎక్కినంక రేటు ఎక్కువుంటది. ముందుగల్ల కొని పెట్టుకొని, తర్వాత రేటు పడితే గడువు లోపల క్యాన్సిల్ చేసి మల్ల తక్కువకు కొనుక్కోవచ్చు, నవంబర్‌ల బ్లాక్ ఫ్రైడే అప్పుడు చాలమంది గదే చేస్తరు.

ఇగ అసలు మెలిక క్యాబిన్ రూల్. ఒక క్యాబిన్‌ల ఒక్క పెద్దమనిషి మందు ప్యాకేజీ తీసుకుంటే అదే క్యాబిన్‌ల ఉన్న 21 ఏండ్లు దాటిన అందరూ తీసుకోవాల్సిందే, రాయల్‌ల డీలక్స్ ప్యాకేజీకైనా, కార్నివాల్‌ల చీర్స్ ప్యాకేజీకైనా. ఎందుకు పెట్టిండ్రంటే ఒక్కడు కొని ఇద్దరికి తెచ్చి పోస్తడని, పోస్తరు కూడ, నేను చూడందా. అందుకే ఒకసారికి ఒక్క డ్రింకే ఇస్తరు. ఇంకోల్లకు పోస్తూ దొరికితే ప్యాకేజీ రద్దు చేసే హక్కు వాళ్లకు ఉంటది, పైసలు వాపస్ రావు. కాబట్టి మీకు ప్యాకేజీ అంటే వదినకు కూడ ప్యాకేజీ, చుక్క ముట్టని మనిషికి 620 డాలర్లు. రాయల్‌ల ఒక సందు ఉంటది, తాగనోళ్లు ఉన్నరని ఫోన్ చేసి అడిగితే రెండో మనిషికి మందు లేని రిఫ్రెష్‌మెంట్ ప్యాకేజీతోని సరిపెట్టే అవకాశం ఇస్తుంటరు, అది రోజుకు 30 డాలర్ల అటు ఇటు, మల్ల పైన 18 శాతం. వెబ్‌సైట్‌ల ఈ ఆప్షన్ కనపడదు, ఫోన్‌ల అడగాల్సిందే, గర్భిణి అయినా, ఆరోగ్యం కోసం మానేసినా ఆ ముక్క చెప్పాలె.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. షిప్పుల మామూలు విస్కీ 12 డాలర్లు అనుకో, టిప్‌తోని 14 చిల్లర. రోజుకు మూడు చొప్పున 7 రోజులకు 297. సముద్రం మీదనే ఉండే రోజుల్ల మధ్యాహ్నం ఒక బీరు, అది 9 డాలర్లు, టిప్‌తోని 10.60, మూడు రోజులకు 32. వదిన రోజుకొక కాపుచినో తాగితే 5 డాలర్లు, టిప్ కలిపి వారానికి 41. అంత కలిపినా 370. ప్యాకేజీకి 1,240. ఇగ దీని మీద మాట్లాడేదేం లేదు.

అల్లుని లెక్క వేరే. పిల్లగాడు పూల్ కాడ కూసుంటే బీరు మీద బీరు లాగుతడు, మధ్యల కాక్‌టెయిల్ ఒకటి రెండు. సగం బీర్లు సగం కాక్‌టెయిల్స్ అనుకుంటే టిప్‌తోని ఒక్కో డ్రింక్ సగటున 13 డాలర్ల 50 పడుతది. 620 డాలర్లు గిట్టాలంటే వారంల 46 డ్రింకులు తాగాలె, అంటే రోజుకు ఆరున్నర. ఇనేటప్పుడు అదేముంది అనిపిస్తది. కాని గాల్వెస్టన్ నుంచి పోయే 7 రాత్రుల ట్రిప్ ఎట్లుంటది, ఎక్కే రోజు ఒకటి, కొజుమెల్, కోస్టా మాయా, రోఆటన్ అట్లాంటి పోర్టులు మూడు, ఊకె సముద్రం మీద పోయేటివి మూడు రోజులు, ఆఖరి పొద్దున దిగుడు. పోర్టు ఉన్న రోజు పొద్దున 8కి దిగితే సాయంత్రం ఎక్కుతరు, ఆ మధ్యల కొజుమెల్ బీచ్‌ల తాగిన బీరు ఈ ప్యాకేజీల రాదు, చేతిల నుంచి పైసలు పెట్టాల్సిందే. అంటే సీ డేల నాడు పదిపదకొండు, పోర్టు నాడు నాలుగు పోనిస్తేనే ప్యాకేజీ పైసలు వసూలైతయి. ఇద్దరు చిన్నపిల్లలు వెంట ఉన్న తండ్రి, పక్క క్యాబిన్‌ల అత్తమామ, ఎన్ని తాగుతడన్నా?

ఇక్కడ కొందరు ఒక ఉపాయం చెప్తరు, నిజంగ చేస్తరు కూడ. బుకింగ్‌ల మామ అల్లుడు ఒక క్యాబిన్, తల్లి బిడ్డ పిల్లలు ఇంకో క్యాబిన్ అని రాయించుడు, షిప్పు ఎక్కినంక గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌ల ఎక్స్‌ట్రా తాళం కార్డులు చేయించుకొని ఎవరి రూంల వాళ్లు పండుడు. అట్లయితే తాగే ఇద్దరికే ప్యాకేజీ పడుతది, తాగని ఇద్దరు తప్పుకుంటరు. ఉపాయం మంచిదే గని మీ లెక్కల అది కూడ గిట్టదు, మీరు 330 డాలర్లది తాగుతరు, అల్లుడు మస్తుగ తాగినా 450, ఇద్దరిది కలిపి 780, ప్యాకేజీలకు 1,240. ఇంక మామ అల్లుడు ఒక్క టేబుల్ మీద గ్లాసులు పట్టుకొని కూసునుడు మీ ఇంట్ల నడుస్తదో లేదో, అది నేను చెప్పలేను.

ప్యాకేజీల ఏమొస్తయి అని కూడ అడిగిండ్రు కదా. డీలక్స్ ప్యాకేజీల బీరు, గ్లాసు వైన్, విస్కీ వోడ్కా రమ్ము, కాక్‌టెయిల్స్, మాక్‌టెయిల్స్, కూల్‌డ్రింక్స్, సీసా నీళ్లు, ఫ్రెష్ జ్యూస్, లాటే కాపుచినో అన్ని వస్తయి. కాని ప్రతి డ్రింక్‌కు ఒక రేటు లిమిట్ ఉంటది, రాయల్‌ల 14 డాలర్ల దాకా, కార్నివాల్‌ల 20 దాకా. లిమిట్ దాటితే రాయల్‌ల పైన తేడా మాత్రం కట్టాలె. బ్లూ లేబుల్ లాంటి సరుకు అడిగితే ఏ కంపెనీల అయినా జేబుల చెయ్యి పెట్టాల్సిందే. కార్నివాల్ లిమిట్ పెద్దగుంది కదా అని మురవకుండ్రి, అక్కడ లెక్క మీద కట్టడి ఉంది, పొద్దున 6 నుంచి మరునాడు పొద్దున 6 దాకా మందు డ్రింకులు 15, అంతే. రాయల్‌ల అట్ల నంబర్ పెట్టలే గని తూలుతున్నోనికి ఎవ్వరం పొయ్యం, అది బార్‌ల ఉన్నోని చేతిల ఉంటది.

పెగ్గు సైజు ముచ్చట తప్పకుండ చెప్పాలె, మనోళ్లందరు అక్కడనే కొట్లాడుతరు. మన దగ్గర స్మాల్ 30, లార్జ్ 60 మిల్లీలీటర్లు. అమెరికా షిప్పుల కొలత ఔన్సుల్ల ఉంటది, మామూలుగ పోసేది ఒకటింబావు నుంచి ఒకటిన్నర ఔన్సు, అంటే 37 నుంచి 44 మిల్లీలీటర్లు. గ్లాసు నిండ ఐస్ వేసి ఇస్తరు, చూస్తే తక్కువ పోసిండనిపిస్తది. లార్జ్ కావాలని డబుల్ అడిగితే చాలా చోట్ల రెండు డ్రింకుల కింద లెక్క కడతరు. మీకు ఐస్ తక్కువ కావాల్నంటే ముందే చెప్పుండ్రి, సోడా విడిగ అడుగుండ్రి, అది వాళ్లకు కొత్తేం కాదు, మనోళ్లు ఎక్కిన షిప్పుల ఇది రోజూ ఉండే ముచ్చటే.

ప్యాకేజీల రానివి కూడ ఉంటయి. ఫుల్ వైన్ బాటిల్ రాదు (రాయల్‌ల డిస్కౌంట్ ఇస్తరు), రూంకు తెప్పించుకునేటివి, ఫ్రిజ్‌ల పెట్టిన మినీబార్, గుర్తుకు ఇంటికి తెచ్చుకునే బొమ్మ గ్లాసుల్ల ఇచ్చే డ్రింకు మీద గ్లాసు పైసలు, రాయల్ షిప్పుల్ల ఉండే స్టార్‌బక్స్ కౌంటర్, ఇవేవి రావు. పక్కనే ఉండే షిప్పు కాఫీ కౌంటర్‌ల లాటే వస్తది. ఈ తేడా తెల్వక చాలమంది స్టార్‌బక్స్ లైన్ల నిలబడి కార్డు గీకినంక బిల్లు చూసి పరేషాన్ అయితరు.

టెక్సాస్ నుంచి ఎక్కుతున్నరు కాబట్టి ఇంకోటి. రాష్ట్రం నీళ్లు తీరం నుంచి 9 నాటికల్ మైళ్ల దాకా ఉంటయి, అది దాటేదాకా టెక్సాస్ చట్టం నడుస్తది, విడిగ కొన్న డ్రింకు మీద సేల్స్ టాక్స్ పడుతది. కార్నివాల్ చీర్స్ ప్యాకేజీ ఈ చట్టం వల్లనే గాల్వెస్టన్‌ల మొదటి రోజు నడవది, రెండో రోజు పొద్దున 6 నుంచి మొదలైతది. మొదటి సాయంత్రం డెక్ మీద పాటలు పెట్టి అందరు గ్లాసులు లేపుతుంటే మీరు కూడ రెండు తీసుకోండి, బిల్లు రెండు డాలర్లు ఎక్కువొస్తే గాబరా పడకుండ్రి.

ఇప్పుడు వదినకు, మీ బిడ్డకు ఏం చెయ్యాలె అనేది. అసలు ప్యాకేజీ లేకున్నా దొరికేటివి మస్తు ఉన్నయి, నీళ్లు, మామూలు కాఫీ, టీ బ్యాగులు, లెమనేడ్, ఐస్ టీ, పొద్దున టిఫిన్ కాడ జ్యూసు, పాలు. రూంల నల్లా నీళ్లు కూడ తాగొచ్చు, శుద్ధి చేసినవే. మన పెద్దోళ్లు నమ్మరు, సీసా నీళ్లే కావాలంటరు, ఒక్కో సీసాకు మూడు నాలుగు డాలర్లు పోతుంటయి. బఫేల గ్లాసుతోని పట్టుకొచ్చి సొంత సీసా నింపుకుంటే అయిపాయె, సీసా మూతిని డైరెక్ట్ నల్లాకు ఆనిస్తే మాత్రం అక్కడోళ్లు ఒప్పుకోరు, శుభ్రత విషయంల షిప్పోళ్లు మస్తు గట్టి.

చాయ్ ఇబ్బంది అయితది, ఇది నిజం. టీ బ్యాగు నీళ్లల్ల ముంచి పాలు కలిపితే వదిన ఒక్క గుటక కూడ మింగది. అల్లం యాలకుల చాయ్ ప్రీమిక్స్ ప్యాకెట్లు, సీల్ తియ్యనివి, ఒక డబ్బా పట్టుకపోండి, బఫేల వేడి నీళ్లు 24 గంటలు ఉంటయి. కరెంటు కెటిల్ మాత్రం పెట్టుకోకుండ్రి, సెక్యూరిటీల తీసి పక్కన పెడతరు, దిగేనాడు ఇస్తరు. ఇస్త్రీ పెట్టె కూడ అంతే.

పిల్లలకు కూల్‌డ్రింక్ ప్యాకేజీ విడిగ ఉంటది. రాయల్‌ల క్లాసిక్ సోడా ప్యాకేజీ, రోజుకు 12, 15 డాలర్ల లెక్కల ఉంటది, మిషన్ కాడికి పోయి ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు. కార్నివాల్‌ల బాటమ్‌లెస్ బబుల్స్ అంటరు, పిల్లలకు రేటు తక్కువ. విడిగ డబ్బా 4 డాలర్లు అనుకున్నా రోజుకు మూడు నాలుగు తాగితేనే గిట్టుతది, ఏ తల్లి తాగనిస్తది చెప్పు. దానికంటే కార్నివాల్ అయితే ఎక్కే రోజు చేతి సంచిల మనిషికి 12 డబ్బాలు పట్టుకపోనిస్తరు, డబ్బాలే, సీసాలు కాదు. ఆరుగురికి 72 అవుతయి, అన్ని మొయ్యకుండ్రి, రెండు డజన్లు మస్తు. రాయల్‌ల కూడ కొంత లెక్కల తీసుకపోనిస్తరు, టికెట్ల రాసి ఉంటది, అల్లున్ని చూడమనుండ్రి.

మందు పట్టుకపోవుడు గురించి మీరు అడగలేదు గని అడగాలనుకున్నరని తెలుసు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల డ్యూటీ ఫ్రీ బాటిల్ కొని సూట్‌కేస్‌ల బట్టల మధ్యల పెట్టుకుంటే షిప్పు ఎక్కేటప్పుడు స్కానర్ల దొరుకుతది, విస్కీ అసలు ఒప్పుకోరు. ఆ బాటిల్ అల్లుని ఇంట్లనే పెట్టి పోండి. వైన్ మాత్రం 21 దాటినోళ్లకు తలా ఒక 750 మిల్లీ బాటిల్ రెండు కంపెనీల్ల కూడ ఎక్కే రోజు చేతిల పట్టుకపోవచ్చు. రూంల తాగితే ఏమనరు, డైనింగ్ హాల్‌ల తెరిపిస్తే బాటిల్‌కు 15 డాలర్లు కార్కేజ్, అంటే తెరిచి పోసే ఛార్జీ. కొజుమెల్‌ల టెకీలా కొంటే గేటు కాడ తీసుకొని రసీదు ఇస్తరు, ఆఖరి రోజు ఇస్తరు.

గాల్వెస్టన్ నుంచి కొన్ని సీజన్లల నార్వీజియన్, ప్రిన్సెస్ కంపెనీల షిప్పులు కూడ నడుస్తుంటయి, వాటిల "డ్రింక్స్ ఫ్రీ" అని టికెట్ మీదనే కలిపి అమ్ముతరు. నార్వీజియన్ ఫ్రీ అనేది పూర్తి ఫ్రీ కాదు, టిప్ అని మనిషికి రోజుకు 20 డాలర్ల పైననే వసూలు చేస్తరు. ప్రిన్సెస్ ప్లస్ అయితే 60 డాలర్ల పైన ఉంటది గని అందుల వైఫై, షిప్పు సిబ్బంది టిప్ కూడ కలిసి ఉంటయి కాబట్టి వైఫై ఎట్లాగూ కొనేటోళ్లకు అది కొంచెం నయం. ఆడోళ్లు కూడ వైన్ తాగే ఇంట్ల అయితే నా జవాబు వేరే ఉండేది.

పైసలు కట్టే పద్ధతి మీకు ముందే తెలిసుండాలె, లేకుంటే ఇంట్ల ముచ్చట అయితది. షిప్పుల నగదు నడవది, రూం తాళం కార్డే అన్నిటికి, రాయల్‌ల సీపాస్ అంటరు, కార్నివాల్‌ల సెయిల్ అండ్ సైన్. చెకిన్ అప్పుడు అల్లుడు తన క్రెడిట్ కార్డు అందరికీ కలిపేస్తే మీరు తాగిన ప్రతి పెగ్గు టైంతో సహా ఆయన ఫోన్‌ల కనపడుతది. మీ క్యాబిన్ లెక్క విడిగ కావాలంటే ఎక్కినంక గెస్ట్ సర్వీసెస్‌ల మీ కార్డు పెట్టించుకోండి. మన ఇండియా క్రెడిట్ కార్డు మీద ఫారెక్స్ మార్కప్ (డాలర్లల కొన్నందుకు బ్యాంకు వేసే ఛార్జీ) మూడున్నర శాతం దాకా, దాని మీద జీఎస్టీ పడుతది, జీరో మార్కప్ కార్డు ఏదన్న ఉంటే అది పట్టుకపోండి. పిల్లల కార్డుల మీద కొనుడు బంద్ చేయమని కూడ చెప్పొచ్చు, గేమ్ ఆర్కేడ్‌ల పోయే పైసలు మీ విస్కీ కంటే ఎక్కువుంటయి.

ఆఖరిది, స్లిప్ మీద సంతకం పెట్టేటప్పుడు కింద "అడిషనల్ టిప్" అని ఖాళీ గీత ఉంటది. టిప్ పైన ఆల్రెడీ కలిసే ఉంటది, ఆ గీత మీద మీరేం రాయకున్నా తప్పు లేదు, చాలమంది కట్టాలేమో అనుకొని రెండోసారి రాస్తరు. బార్‌ల పిల్లగాడు మంచిగ చూసుకుంటే మొదటి రోజు రెండు డాలర్లు చేతిల పెట్టండి, ఆ తర్వాత మీ పేరు, మీ బ్రాండ్, ఐస్ ఎంతో అన్ని గుర్తుపెట్టుకుంటడు, ఇది మా వైపు నుంచి చెప్తున్న. ఇంక ఆఖరి రాత్రి యాప్‌ల గని టీవీల గని బిల్లు మొత్తం ఒకసారి చూసుకోండి, మీరు తాగనిది ఏదన్న ఎక్కి ఉంటే దిగకముందే కౌంటర్ కాడ చెప్తే తీసేస్తరు, దిగి డల్లాస్ పోయినంక ఈమెయిల్ రాసుకుంట కూసుంటే వారాలు పడుతది. కంపెనీ ఫైనల్ అయినంక షిప్పు పేరు, తారీఖు ఇక్కడ పెట్టండి, ఆ షిప్పుల ఏ బార్ ఎట్లుంటదో చెప్త.